వరస నంబరా, డోర్ నంబరా?

మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడు మొన్న ఒక ప్రశ్న వేశాడు. "అన్నా, ఈ పాత సిస్కో 2811లో ఒక పోర్టు పేరు 0/0, ఇంకోదాని పేరు 0/0/0. ఒకే డబ్బాకి రెండు పద్ధతులేంటి?" ఏళ్ళ తరబడి చూస్తూ కూడా నాకు ఎప్పుడూ ఈ అనుమానం రాలేదు. చెబుదామని మొదలెడితే చరిత్ర తవ్వాల్సొచ్చింది.

మనలో చాలామంది సీసీఎన్‌ఏ నేర్చుకున్నది 2501 మీద. దానికి ఒక ఈథర్‌నెట్, రెండు సీరియల్ పోర్టులు. కొత్తగా చేర్చేదేమీ లేదు. ఈథర్‌నెట్ 0, సీరియల్ 0, సీరియల్ 1 అంటే సరిపోయేది. ఇంట్లో పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని పిలుచుకున్నట్టన్నమాట.

మాడ్యూళ్ళు పీకి పెట్టుకునే రౌటర్లకి ఇది చాలదు. 1996లో వచ్చిన 3600 సిరీస్‌లో పేరు రెండు ముక్కలు: ముందు స్లాట్, తర్వాత పోర్టు. 3640కి నాలుగు స్లాట్లు. సున్నా కింద కుడివైపు ఉంటుంది, అక్కడినుంచి ఎడమకి, ఆపైన పై వరసకి లెక్క. ఎడమనుంచి చదివే అలవాటున్న మనం మొదటిసారి తప్పు స్లాట్లో వేలు పెట్టడం ఖాయం!

1998లో 2600 వచ్చింది. ఇందులోనే ఉంది తిరకాసు. చిన్న వాన్ కార్డులకి డబ్ల్యూ0, డబ్ల్యూ1 అని రెండు గూళ్ళు. కానీ సీరియల్ 0/0లో రెండో సున్నా గూటి నంబరు కాదు, వరస నంబరు. డబ్ల్యూ0 ఖాళీగా ఉండి డబ్ల్యూ1లో కార్డుంటే, దాని పేరు కూడా సీరియల్ 0/0నే. అంటే పేరులో సగం చిరునామా, సగం లెక్క.

ఇది తెలియక నేను దెబ్బతిన్నాను. ఒక బ్రాంచి రౌటర్లో డబ్ల్యూ1లో కార్డు నడుస్తోంది. రాత్రి పవర్ ఆపి, ఖాళీగా ఉన్న డబ్ల్యూ0లో ఇంకో కార్డు పెట్టి ఆన్ చేశాను. కొత్త కార్డు 0/0 అయి కూర్చుంది, పాతది 0/1 అయింది. ఐపీ అడ్రసు మాత్రం 0/0 పేరు మీదే ఉండిపోయింది, అంటే కేబులే లేని పోర్టుకి. లింకు డౌన్. కేబుల్ తప్పేమో, లైను తప్పేమో అని రెండు గంటలు వెతికాను. తప్పు నాదే, మాన్యువల్లో రాసే ఉంది. ఎవడు చదివాడు!

2004లో 1800, 2800, 3800 సిరీస్‌లు వచ్చాక వాన్ కార్డులకి మూడు అంకెలిచ్చారు: స్లాట్, అందులో గూడు, ఆ గూట్లో పోర్టు. పక్క గూట్లో ఏం పెట్టినా దీని పేరు మారదు. డబ్బాతో పుట్టిన పోర్టులకి మాత్రం 0/0, 0/1 అనే పాత పేర్లే మిగిలాయి. మావాడి ప్రశ్నకి జవాబు ఇదీ. (మూడంకెల పద్ధతి 7500 లాంటి పెద్ద రౌటర్లలో ముందే ఉంది. 2004లోనే వచ్చిన సీఆర్ఎస్-1కి నాలుగు కావాల్సొచ్చాయి, ముందు ర్యాక్ నంబరు కలిపి.)

హైదరాబాదు డోర్ నంబర్ గుర్తు తెచ్చుకోండి. వార్డు, బ్లాకు, ఇల్లు. పక్కింట్లో ఎవరు దిగినా మీ ఉత్తరం మీకే వస్తుంది. కాకపోతే మీరు ఇల్లు మారితే పాత అడ్రసు మీ వెంట రాదు. కార్డు వేరే గూట్లోకి మార్చినా అంతే, కాన్ఫిగరేషన్ మళ్ళీ రాసుకోవాలి. ఆ ఖర్చు నాకు న్యాయంగానే అనిపిస్తుంది. నేను ముట్టుకున్నదే మారుతుంది, ముట్టుకోనిది మారదు.

లైనక్స్ వాళ్ళు నవ్వక్కర్లేదు. వాళ్ళ ఈత్0, ఈత్1 కూడా కెర్నెల్ ముందు ఎవర్ని చూస్తే వాళ్ళకి దక్కిన పేర్లే. 2013 జనవరిలో సిస్టమ్‌డీ 197 వచ్చాక ఈఎన్‌పీ3ఎస్0 లాంటి చిరునామా పేర్లు మొదలయ్యాయి. "ఇంత పొడుగు పేరా" అని నేనూ తిట్టుకున్నాను. ఆ రెండు గంటలు గుర్తొచ్చాక మానేశాను.

ఇదంతా విని మావాడు బుర్ర గోక్కుని, "మరి స్విచ్‌ల్లో పోర్టులు ఒకటి నుంచి ఎందుకు మొదలవుతాయన్నా?" అన్నాడు.

టీ తాగొద్దాం పద అన్నాను.