వాడను బట్టి ఆయుష్షు

ఊరూ వాడా అని తెలుగులో జంటగా అంటాం. నేల మీద మాత్రం ఆ రెండూ ఎడంగానే ఉంటూ వచ్చాయి. మంచినీళ్ల బావి ఊళ్లో, మురుగు వచ్చి చేరే పల్లం వాడలో. 1927లో అంబేద్కర్, అంటరానివాళ్లను దగ్గరికి రానివ్వని మహద్‌లోని చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగింది ఈ ఎడం మీద తిరుగుబాటుగానే. మనిషి ఉండే చోటు అతని ఆరోగ్యాన్ని శాసిస్తుందన్న సంగతి వాడలో పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. దాన్ని లెక్కగట్టి చూపడానికి మాత్రం శాస్త్రం దాదాపు రెండు వందల ఏళ్లుగా కుస్తీ పడుతోంది. ఆ కుస్తీ అంతా ఒక ప్రశ్న చుట్టూ తిరిగింది: జబ్బు చేసేది చోటా, అక్కడి మనుషుల పేదరికమా?

గాలి, నీరు, నేల మారితే రోగాలు మారతాయని హిప్పోక్రటీస్ కాలం నుంచీ వైద్యులు నమ్మేవారు. ఆ నమ్మకాన్ని మొదట గట్టిగా పరీక్షించినవాడు ఫ్రెంచి వైద్యుడు లూయీ రెనే విలెర్మే. అప్పటి పారిస్‌లో పన్నెండు విభాగాలుండేవి. ఒకచోట చావులు ఎక్కువ, ఇంకోచోట తక్కువ. సేన్ నదికి దగ్గరగా ఉండటం వల్లనా? పల్లం వల్లనా? గాలి వాటమా? జనం కిక్కిరిసి ఉండటమా? 1820లలో విలెర్మే ఒక్కొక్కటే సరిచూశాడు. ఏదీ పొసగలేదు. చివరికి మరణాల పద్దు పక్కన పన్నుల పద్దు పెట్టాడు. పన్ను కట్టే స్తోమత లేని కుటుంబాలు ఎక్కడ ఎక్కువో, పాడెలు లేచేదీ అక్కడే ఎక్కువ.

ఇంగ్లండులో ఈ వాదం రెండు పాయలైంది. కూలీల ఆరోగ్య పరిస్థితులపై ప్రభుత్వాధికారి ఎడ్విన్ చాడ్విక్ ఇచ్చిన 1842 నివేదికలో ఒక పట్టిక ఉంది. మాంచెస్టర్ కూలీల సగటు మరణ వయసు 17 ఏళ్లు, అదే ఊళ్లోని పెద్దమనుషులది 38. పల్లెసీమ రట్లాండ్‌లో కూలీలదీ 38 ఏళ్లే. పసిబిడ్డల చావులు కలిసినందువల్ల ఈ అంకెలు ఇంత తక్కువగా కనిపిస్తాయి. అయినా పల్లె కూలీ, నగరపు దొర ఒకే అంకె దగ్గర కలవడం చూస్తే చోటుకు ఉన్న బలం తెలుస్తుంది. చాడ్విక్ దృష్టిలో మురికే మూలం. మురికి వల్ల రోగం, రోగం వల్ల పేదరికం. కాబట్టి మురుగు కాలువలు తవ్వాలి. మూడేళ్ల తర్వాత అదే మాంచెస్టర్ గురించి రాసిన ఎంగెల్స్ కార్యకారణాలను తిరగేశాడు. ఆ మురికివాడలను పుట్టించింది చాలీచాలని కూలీ, దాని మీద బతికే పరిశ్రమ అన్నాడు. ప్రభుత్వం చాడ్విక్ మాట పట్టుకుంది. 1848లో ప్రజారోగ్య చట్టం వచ్చింది. కాలువలు తవ్వడం కూలి పెంచడం కంటే తేలిక మరి.

1854లో లండన్‌లో కలరా చెలరేగినప్పుడు వైద్యుడు జాన్ స్నో, రోగం నీటి ద్వారా వ్యాపిస్తోందని చెప్పి బ్రాడ్ స్ట్రీట్ పంపు పిడి తీయించిన కథ ప్రసిద్ధం. అంతకంటే లోతైనది దక్షిణ లండన్‌లో ఆయన చేసిన పని. అక్కడ ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లకు రెండు వేర్వేరు కంపెనీల నీళ్లు వచ్చేవి. ఒకటి థేమ్స్ నదిలో మురుగు కలిసే చోటు నుంచి తోడేది, ఇంకొకటి ఎగువ నుంచి. వీధి ఒకటే, గాలి ఒకటే, చావులు మాత్రం మురుగునీటి ఇళ్లలోనే ఎన్నో రెట్లు. కలరాకు చెడుగాలే కారణమన్న నింద మెల్లగా నీటి మీదకు మారింది.

ఆ తర్వాత సూక్ష్మజీవుల యుగం వచ్చింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. క్రిమి దొరికాక వాడ మాట వెనక్కి పోయింది. దాదాపు అదే రోజుల్లో అమెరికాలోని ఫిలడెల్ఫియా ఏడో వార్డులో నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. నల్లవాళ్లు ఎక్కువగా చనిపోవడానికి వాళ్ల రక్తమే కారణమని తెల్ల పండితులు చెబుతున్న కాలమది. గాలి ఆడని గదులు, నీటి వసతి లేమి, నాసిరకం తిండి, తక్కువ కూలి, ఇవీ కారణాలని 1899లో అచ్చయిన పుస్తకంలో ఆయన తేల్చిచెప్పాడు. ఆ మాట వైద్యుల చెవికెక్కడానికి చాలా దశాబ్దాలు పట్టింది.

హైదరాబాద్‌కు ఈ పాఠం వరద రూపంలో వచ్చింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. 1911లో ప్లేగు కమ్ముకుంది. 1912లో నిజాం ప్రభుత్వం నగరాభివృద్ధి బోర్డు పెట్టింది. బోర్డు ఇరుకు మొహల్లాలను పడగొట్టి, రోడ్లు వెడల్పు చేసి, కొత్త ఇళ్లు కట్టించింది. విశ్వేశ్వరయ్య సలహాతో వరదకు అడ్డుకట్టగా తలపెట్టిన జలాశయాలు, ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయి నగరానికి మంచినీళ్లూ ఇచ్చాయి. చాడ్విక్ దారి ఇక్కడా ఫలించింది. దానితో పాటే ఆ దారిలోని మెలికా వచ్చింది: జబ్బువాడను కూల్చినప్పుడు అందులోని మనిషి ఎక్కడికి పోవాలి?

అంటురోగాలు తగ్గి గుండెపోట్లు, మధుమేహం ముందుకొచ్చాక పాత ప్రశ్న మళ్లీ లేచింది. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ వాసులను 1965 నుంచి తొమ్మిదేళ్లు గమనించిన అధ్యయనం 1987లో అచ్చయింది. పేద ప్రాంతంలో ఉన్నవాళ్లకు చావు ముప్పు మిగతావాళ్లకంటే దాదాపు 70 శాతం ఎక్కువ. ఆదాయం, చదువు, ఉద్యోగం, పొగతాగడం లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నా తేడా చెరిగిపోలేదు. అంటే ఒకే సంపాదన ఉన్న ఇద్దరిలో పేదవాడలో ఉన్నవాడికే ముప్పు ఎక్కువ.

అదెలాగో 1995 జులైలో షికాగో వడగాడ్పు చూపించింది. 700 మందికి పైగా పోయారు. నార్త్ లాన్‌డేల్, సౌత్ లాన్‌డేల్ పక్కపక్క పేటలు. రెండింట్లోనూ ఒంటరి పేద వృద్ధులున్నారు. అయినా మొదటిదానిలో మరణాల రేటు రెండోదానికి పదింతలు. సామాజిక శాస్త్రవేత్త ఎరిక్ క్లైనెన్‌బర్గ్ 2002 పుస్తకంలో కారణం వివరించాడు. ఒకచోట కొట్లు మూతపడి, ఇళ్లు పాడుబడి, ముసలివాళ్లు భయంతో తలుపులేసుకున్నారు. రెండోచోట వీధి నిండా అంగళ్లు, మనుషులు. నాలుగడుగులు వేస్తే చల్లని కొట్టు, పలకరించే నోరు. 2015 ఎండల్లో వెయ్యికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్న తెలుగు రాష్ట్రాలు గుర్తుపెట్టుకోవలసిన కథ ఇది.

మరి మనుషుల్ని మంచి వాడకు మారిస్తే? అమెరికా ప్రభుత్వం 1994–98 మధ్య అయిదు నగరాల్లో దాదాపు 4,600 పేద కుటుంబాలకు లాటరీ తీసి, కొందరికి పేదరికం తక్కువున్న చోట అద్దెకుండేందుకు సాయం చేసింది. పది పదిహేనేళ్ల తర్వాత చూస్తే, ఆ అవకాశం దక్కిన కుటుంబాల తల్లులలో తీవ్ర స్థూలకాయం, మధుమేహం తగ్గాయి. పెద్దల సంపాదన మాత్రం పెరగలేదు. పదమూడేళ్లలోపు తరలిన పిల్లలు పెద్దయ్యాక ఎక్కువ సంపాదించారు. అంతకంటే పెద్దవాళ్లకు ఆ లాభం దక్కలేదు. ఇక్కడ ఒకటి మరవకూడదు. వాళ్లు ఇష్టపడి, పేదరికం తక్కువున్న చోటికి వెళ్లారు. నగరం అంచున, కూలి దొరకని చోట కట్టిన గదుల్లోకి బలవంతంగా పంపడాన్ని ఈ లెక్క సమర్థించదు.

2018 నుంచి హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు వచ్చాయి. బీపీ మాత్ర ఇంటి దగ్గరే దొరకడం చిన్న మేలు కాదు. కానీ ఆ బీపీ ఏ వీధిలో ఎందుకు ఎక్కువగా ఉందో మాత్ర చెప్పదు. అది చెప్పడానికి కొత్త యంత్రమూ అక్కర్లేదు. విలెర్మే దగ్గరున్నవి రెండు పద్దులే. ఆ రెండూ మన మున్సిపాలిటీల్లో ఉన్నాయి, మరణాల రిజిస్టరు ఒక విభాగంలో, ఇంటిపన్ను రిజిస్టరు ఇంకో విభాగంలో. రెండింటినీ ఒకే బల్ల మీద పక్కపక్కన తెరిస్తే, ఏ వాడలో ముందు మోరీ కట్టాలో, ఎక్కడ నల్లా వేయాలో, ఎక్కడ నీడ కావాలో వాటంతట అవే చెబుతాయి.