పన్నెండు గొంతుల నుండి రెండు గొంతులకు



బోధన్ చుట్టుపక్కల చిన్న సంఘాల వారు ఈ మధ్య మమ్మల్ని తరచుగా ఒక మాట అడుగుతున్నారు. "అయ్యగారూ, నిజామాబాద్ చర్చీలల్ల కీబోర్డులు, ప్యాడ్‌లు ఉన్నయి. మేం పదిమందిమి, ఒక్క డోలక్. మా పాటలు ఏం పాటలు?" 2015లో షుగర్ ఫ్యాక్టరీ మూతపడిన తరువాత మన సంఘాలు ఎట్లా పలచబడినవో తెలిసినవారికి ఈ మాటలోని బాధ అర్థమౌతుంది. అందుకే ఈసారి మిఖాయేల్ ప్రెటోరియస్ అనే జర్మనీ సంగీత విద్వాంసుని గురించి వ్రాస్తున్నాము.

ఆయన 1571లో క్రోయిట్స్‌బుర్గ్ అనే ఊరిలో ఒక లూథరన్ పాస్టరు ఇంట పుట్టాడు. అసలు ఇంటిపేరు షుల్ట్‌హైస్. అంటే ఊరి పెద్ద, మన పటేల్ వంటి మాట! చదువుకున్నవారు పేర్లను లాటిన్‌లోకి మార్చుకునే కాలం గనుక అది ప్రెటోరియస్ అయింది. ఇరవై ఏండ్లు నిండకముందే చర్చిలో ఆర్గాన్ వాయించాడు. 1604లో వోల్ఫెన్‌బ్యూటెల్‌లో డ్యూక్ గారి కొలువులో సంగీత బృందానికి పెద్ద అయ్యాడు.

కొలువులో మంచి గాయకులు, వాయిద్యకారులు ఉన్నారు. అయినా ఆయన ఎక్కువగా పనిచేసింది సంఘమంతా పాడుకునే పాటల మీద. 1605 నుండి 1610 వరకు తొమ్మిది భాగాలుగా 'మూసే సియోనియే' అచ్చయింది. అందులో 1200కు పైగా స్వరరచనలున్నాయి. చాలావాటి రాగాలు అప్పటికే జనం నోట నానినవి. మన కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం ఉంటాయి, అందరం ఒకే రాగం పాడతాము. వారి పద్ధతి వేరు. ఒకరు పాట రాగాన్ని పట్టుకుంటే, మరొకరు అదే సమయంలో వేరే స్వరాలు పాడతారు. అన్నీ కలిసి ఇంపుగా వినబడాలి.

మొదటి నాలుగు భాగాలకు ఎనిమిది నుండి పన్నెండు గొంతులు కావాలి. ఆరు నుండి ఎనిమిది వరకు నాలుగు గొంతులు. చివరిదైన తొమ్మిదవ దానికి రెండు మూడు గొంతులు చాలు! మామూలుగా మనిషి పేరు వచ్చేకొద్దీ పెద్ద పనులకు పోతాడు. ఈయన వరుస తిరగబడి ఉన్నది.

తరువాత 1614–1620 మధ్య 'సింటాగ్మా మ్యూజికం' అనే గ్రంథం మూడు సంపుటాలుగా వెలువడింది. మొదటిది లాటిన్‌లో వ్రాసినా, రెండవది, మూడవది జర్మన్‌లో వ్రాశాడు. ఆర్గాన్లు చేసేవారందరికీ లాటిన్ ఎక్కడ వస్తుంది? రెండవ సంపుటి వాయిద్యాల గురించి. దాని బొమ్మలను 1620లో కొలతలతో సహా వేయించాడు గనుక, వాటిని చూసి ఈనాటికీ ఆ కాలపు వాయిద్యాలు తయారు చేస్తున్నారు. మూడవదానిలో గాయకులను, వాయిద్యాలను ఎట్లా సర్దుకోవాలో, పాడే గొంతు బదులు వాయిద్యాన్ని ఎక్కడ వాడుకోవచ్చునో వివరించాడు.

మన చిన్న సంఘాల వారు ఈ సర్దుబాటునే గమనించాలి. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 3:16 చదవండి, పౌలు అక్కడ ఒక్క వాయిద్యం పేరు కూడా చెప్పలేదు. కీబోర్డు కొనేదాకా ఆగవద్దు. పెద్దమ్మలకు వచ్చిన పాత కీర్తనను వారినే ఎత్తుకోనివ్వండి, పిల్లలు అందుకుంటారు. డోలక్ మాత్రం కొంచెం మెల్లగా.

ప్రెటోరియస్ 1621 ఫిబ్రవరి 15న చనిపోయాడు. వోల్ఫెన్‌బ్యూటెల్ చర్చిలో ఆర్గాన్ కిందనే ఆయనను సమాధి చేశారు. ఆయన ఆస్తిలో ఎక్కువ భాగం పేదలకు పోయింది.