పక్కపక్కన నిలబడి పాడినవాళ్లు: ఇందుకూరుపేట బృందగానాల కథ

1921 ఏప్రిల్ 7న గాంధీజీ మా మండలంలోని పల్లిపాడుకు వచ్చి పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్య దాని భారం నెత్తినేసుకున్నారు. పొణకా కనకమ్మ 13 ఎకరాలు కొని ఇచ్చింది. దక్షిణాఫ్రికాలో గాంధీజీకి అండగా నిలిచిన పార్సీ రుస్తుంజీ ఇచ్చిన 10,000 రూపాయలతో భవనం లేచింది. మా ప్రాంతం చరిత్ర రాసే ప్రతివాళ్లూ ఈ సంగతులు రాస్తారు. రాట్నం గురించి రాస్తారు, ఖద్దరు గురించి రాస్తారు. అక్కడ పొద్దునా సాయంత్రం జనం కలిసి కూర్చుని పాడిన పాట సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. నాకు చెప్పాలని ఉన్నది దాని గురించే. దాంతోపాటు మా ఊళ్లలో పిలకాయలు నలుగురూ చేరి గొంతు కలిపిన మిగతా చోట్ల గురించీ.

పల్లిపాడుకు నమూనా సబర్మతి. అక్కడ సంగీతం బాధ్యత నారాయణ్ మోరేశ్వర్ ఖరేది. విష్ణు దిగంబర్ పలుస్కర్ శిష్యుడాయన. ఆశ్రమ భజనావళిని కూర్చాడు, 1930లో దండి దాకా గాంధీజీతో నడిచాడు. అంతటి విద్వాంసుణ్ణి గాంధీజీ కచేరీలు చేయించడానికి దగ్గర పెట్టుకోలేదు. శ్రుతి తెలిసినవాడూ తెలియనివాడూ ఒకే వరసలో కూర్చుని పాడేలా చేయడం ఆయనకు అప్పగించిన పని. ఫలానావాడు పక్కన కూర్చుంటే లేచిపోయేవాళ్లున్న ఆ రోజుల్లో, అందరూ ఒకే చాప మీద కూర్చుని ఒకే చరణం అందుకోవడమంటే, నా లెక్కలో నూలు వడకడం కన్నా పెద్ద సాహసం. ఎవరు ఎవరి పక్కన నిలబడి పాడారన్నదే ఈ వందేళ్ల కథకు అసలు కొలత.

ఆశ్రమానికి ఎంతో ముందు నుంచీ ఉన్నది రామాలయం భజన. ధనుర్మాసంలో చీకటుండగానే లేచి, తలకు మఫ్లరు చుట్టుకుని వీధులు తిరిగే నగర సంకీర్తన ఒకటి. శ్రీరామనవమికో, వానల కోసమో పెట్టే ఏకాహం ఇంకొకటి. ఏకాహమంటే ఒక పొద్దు పొడుపు నుంచి మరుసటి పొద్దు పొడుపు దాకా నామం ఆగకూడదు. మధ్యలో దీపపు సెమ్మె, చుట్టూ తిరుగుతూ పాడే మనుషులు. జట్లుగా విడిపోయి వంతులేసుకుంటారు. నడిరాత్రి దాటాక వచ్చే వంతు ఎప్పుడూ కుర్రవాళ్లదే. పెద్దల కళ్లు మూతలు పడే వేళకు పాట వాళ్ల చేతికొస్తుంది. పగలు హార్మోనియం ముట్టుకోనివ్వని పెద్దాయనే తెల్లారుజామున మూడింటికి "కాసేపు నువ్వు పట్టుకోరా అబ్బయా" అని పెట్టె వాడి ముందుకు జరుపుతాడు. మా ఊళ్లల్లో చాలామంది వేలు మొదటిసారి మెట్ల మీద పడింది ఆ వేళప్పుడే.

భజనలో పిలకాయలకు ఒక క్రమం ఉంది. ముందు ఊరికే కూర్చుని వినాలి, తర్వాత చప్పట్లు, ఆ తర్వాత చిడతలు, తాళాలు. ముందు పాడే ఆయన ఒక వరస అందిస్తే మిగతావాళ్లు అందుకుంటారు. రెండోసారి కాలం పెరుగుతుంది, మూడోసారి ఇంకా జోరు. ఆ జోరులో తాళం తప్పకుండా నిలబడితే వాడు పనికొచ్చినట్టు. పదమూడు పద్నాలుగేళ్లకు గొంతు మారి కీచుమంటున్న పిల్లవాణ్ణి ఇంటికి పొమ్మనరు. చేతికి తాళాలిచ్చి, "పాట మనసులో పాడుకో, చెయ్యి మాత్రం ఆపొద్దు" అంటారు. ఏడాదికో ఏడాదిన్నరకో గొంతు కుదురుకునే సరికి వాడికి లయ పట్టుబడి ఉంటుంది. సంగీతం బడులు కూడా నేర్చుకోదగ్గ పద్ధతి అది.

చెక్కభజన సంగతి వేరే. గురువు మధ్యలో నిలబడి పల్లవి అందిస్తే, చుట్టూ వలయంగా ఉన్నవాళ్లు చెక్కలు మోగిస్తూ, అడుగులేస్తూ పాట తిరిగి అందుకోవాలి. కాలు ఒకటి, చెయ్యి ఒకటి, నోరు ఒకటి చేస్తుంటే మూడూ కలవాలి. ఇది వయసులో ఉన్నవాళ్ల పనే. నలభై దాటితే ఊపిరి చాలదు.

ఈ భజనల గురించి ఎంత ప్రేమగా చెప్పుకున్నా, వాటి హద్దు చెప్పకుండా ముందుకు పోవడం తప్పు. వలయంలో ఆడపిల్లలు ఉండేవాళ్లు కాదు. దళితవాడ పిల్లలు రామాలయం గడప ఎక్కి కూర్చునే వీలే లేని కాలం మనకు మరీ దూరం కాదు. ఆ పిల్లలకు హార్మోనియం పెట్టె అందింది చర్చిలో.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. పదమూడేళ్లయినా చెప్పుకోదగ్గ ఫలితం కనబడక, 1853లో అమెరికాలో సమావేశమైన మిషను పెద్దలు నెల్లూరును వదిలేద్దామా అని తర్జనభర్జన పడ్డారు. మ్యాపులో తమ తెలుగు మిషను ఒంటరి చుక్కలా ఉందన్న మాట ఆ చర్చలో వచ్చింది. ఆ మాట మీదే శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ రాత్రి ఒక పద్యం రాశాడు. అమెరికా వాళ్లు దేశభక్తి గీతంగా పాడుకునే పాటొకటి అంతకు ముందే రాసిన కవి ఆయన. పద్యం సభను కదిలించింది, మిషను నిలిచింది. ఒక పద్యం మా జిల్లా చరిత్రను ఇంతగా మలుపు తిప్పిన సందర్భం నాకు ఇంకోటి తెలియదు.

వచ్చిన మతం పరాయిదైనా పాట మాత్రం పరాయిదిగా ఉండిపోలేదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటి వాళ్లు క్రైస్తవ కీర్తనలను మన రాగాల్లో, మన తాళాల్లో కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాటల మీద రాగం పేరు, తాళం పేరు అచ్చయి కనబడతాయి. కూలికి పోయే ఇంటి పిల్ల శంకరాభరణమనే మాటను మొదట చదివింది ఆ పుస్తకంలోనే అంటే నేను నమ్ముతాను. ఆ కొత్త క్వైర్లలో ఆడపిల్లలు, మగపిల్లలు పక్కపక్కన నిలబడ్డారు. మా ఊళ్లకు అది అప్పటికి కొత్త. ఇప్పటికీ నవంబరు వస్తే సాయంత్రాలు చర్చిలో ప్రాక్టీసు మొదలవుతుంది. పొద్దుట రొయ్యల గుంట కాడ పనిచేసి వచ్చిన కుర్రవాడు, ఇంటర్ చదివే అమ్మాయి ఒకే కీర్తనల పుస్తకంలోకి తొంగిచూస్తూ నిలబడతారు. డిసెంబరులో క్యారల్సుకు రాత్రంతా ఇల్లిల్లూ తిరుగుతారు. మంచు దెబ్బకు పండుగనాటికి సగం మంది గొంతులు బొంగురుపోయి ఉంటాయి, అయినా పాడతారు.

సముద్రం వైపు, మైపాడు తీరంలో పాట ఇంకో తీరు. పట్టపుపాళేల్లో ఇళ్లల్లో తమిళం కలిసిన యాస వినిపిస్తుంది. అలివి వల తాళ్లు రెండు జట్లుగా ఒడ్డుకు లాగేటప్పుడు ఒకడు కేకేస్తే మిగతావాళ్లు బదులిస్తారు. ఆ బదులు పడే చోటే బలం పడుతుంది. ఇంజను పడవలొచ్చాక ఆ కేకలు తగ్గాయి. కయ్యల్లో నాట్ల పాటలూ అంతే.

బడిలో కలిసి పాడటానికి మన వైపున ఒక గొప్ప ముహూర్తముంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు మదనపల్లె కాలేజీలో ఉన్నప్పుడు జనగణమన పాడితే అక్కడి విద్యార్థులు గొంతు కలిపారు. ప్రిన్సిపాలు భార్య మార్గరెట్ కజిన్స్ ఆ వరసకు స్వరాలు రాసిపెట్టింది. దేశమంతా పాడుకునే పాటకు రాయలసీమ కుర్రవాళ్లు అలా మొదట్లోనే తోడుపాడారు. చిత్తూరులో 1925లో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ మలయాళ సినిమాలకు సంగీతం చేసి పేరు తెచ్చుకున్నవాడు. 1970ల మొదట్లో మద్రాస్ యూత్ క్వైర్ పెట్టి, ఒక్కో జట్టు ఒక్కో స్వరవరసలో పాడే పద్ధతిని భారతీయ భాషల పాటల్లోకి తెచ్చాడు. మన ఊళ్ల పాట అలాంటిది కాదు. ఒకరు అందిస్తే పదిమంది అందుకునేది. అది చేతకానితనం కాదు, ఇంకో విద్య. కానీ శ్రీనివాసన్ చేసిన పని మన పిల్లల దాకా రాలేదే అన్న బాధ నాకుంది.

ఇక అందరూ ఒకే వరసలో నిలబడిన కాలం. మా పక్కనే అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య వల్ల ఈ డెల్టాకు ఎర్రజెండా పాట ముందే పరిచయం. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి పాటను, బుర్రకథను పల్లెల్లోకి తీసుకెళ్లింది. కానీ ఊరు మొత్తాన్ని బయటికి రప్పించింది మాత్రం 1991 నాటి అక్షరదీపం. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైనప్పుడు కళాజాతాలు ఊళ్లకు తిరిగాయి. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు 1980లో మొదలుపెట్టిన పద్ధతి అది. పది పదిహేనుమంది కుర్రవాళ్లు, అమ్మాయిలు ఒక డప్పు, ఒక కంజీర పట్టుకుని సాయంత్రం రచ్చబండ కాడ నిలబడి పాడటమే. మైకు ఉంటే ఉంది, లేకుంటే లేదు. పొలం నుంచి వచ్చిన ఆడవాళ్లు తట్ట దించకుండానే ఆగి వినేవాళ్లు.

ఆ జట్లలో ఊరి పిల్లలూ, దళితవాడ పిల్లలూ ఉన్నారు. చర్చిలో పాడిన పిల్లకు ఎలుగెత్తడం తెలుసు, రామాలయంలో తాళం వేసిన కుర్రవాడికి లయ తెలుసు. ఎవరి పాట వాళ్లు పాడుకుంటూ పెరిగిన వాళ్లు అక్కడ కలిశారు. రెండు మూడు తరాలుగా విడివిడిగా తయారైన గొంతులు లేకపోతే కళాజాతా నాలుగు వారాల్లో సిద్ధమయ్యేది కాదని నా గట్టి నమ్మకం. ఈ పాటల వెంట రాత్రిబడికొచ్చిన ఆడవాళ్లు వాచకంలో సీతమ్మ కథ చదివారు. తాగుడు ఒక సంసారాన్ని ఏం చేస్తుందో చెప్పే పాఠమది. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, ఆమెతో ఉన్న ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. 1992లో ఆ మంట జిల్లా అంతా పాకింది, సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరుకల్లా రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. పాట వల్లే ఇదంతా జరిగిందనను. ఆడవాళ్ల కడుపుమంట వల్ల జరిగింది. అయితే నలుగురిలో నోరు విప్పని ఆడమనిషి మొదట నోరు విప్పింది పాటలో వంత కలపడానికే.

తర్వాత గాలి మారింది. 1996లో ఈటీవీలో పాడుతా తీయగా మొదలైంది. నడిపింది మన నెల్లూరు బాలు. తిప్పరాజువారి వీధిలోని హరికథా విద్వాంసుడు సాంబమూర్తి గారి కొడుకు. పల్లెటూరి పిల్లలకు పాట మీద ఆయన కలిగించిన గౌరవం, పోటీలో ఓడిన పిల్లను కూడా దగ్గరికి తీసుకున్న తీరు ఎప్పటికీ మరిచిపోలేనివి. దాంతోపాటు జరిగింది ఇంకొకటుంది: పాట నేర్పించడమంటే ఒక్కణ్ణి ముందు నిలబెట్టడమేనని తల్లిదండ్రులు అనుకోవడం మొదలైంది. వంత పాడేవాడికి ఇంట్లో మన్నన తగ్గింది.

ఇప్పుడు మా ఊళ్లలో పాడే పిల్లలు లేరనలేం. కోలాటం జట్లలో ఆడపిల్లలు వందలుగా చేరుతున్నారు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో మాడవీధుల్లో ఆడాలన్నది వాళ్ల కల. పాతకాలపు భజన వలయంలో చోటు దొరకని అమ్మమ్మల మనవరాళ్లు వీళ్లు. చర్చి యూత్ కీబోర్డు, ప్యాడ్లు కొనుక్కుంది. అయితే కోలాటం సౌండ్ బాక్సులో వచ్చే పాటకు అడుగులేస్తోంది, క్వైరు ఫోనులో ట్రాకు పెట్టుకుని పాడుతోంది. ట్రాకు మన కోసం ఆగదు. ఊపిరందని పిల్ల కోసం ఒక్క క్షణం ఆగే గుణం హార్మోనియం వాయించే మనిషికే ఉంటుంది. పైగా గుడి పిల్లలు గుడిలో, చర్చి పిల్లలు చర్చిలో మళ్లీ విడివిడిగానే ఉన్నారు. అందరూ ఒకే చోట నిలబడేది బడి ప్రార్థనలోనే. అక్కడ మా తెలుగు తల్లికి పాటను స్పీకరుకు అప్పగించకుండా పిల్లల చేత పాడించే టీచర్లకు దండం పెట్టాలి.

అందరినీ కలిపి పాడించాలనుకునేవాళ్లకు మొదట ఎదురయ్యేది శ్రుతి. మగపిల్లలకు ఒకటి, ఒకటిన్నర శ్రుతి హాయి, ఆడపిల్లలకు అయిదు. ఎవరి శ్రుతిలో పెట్టినా రెండోవాళ్లు కిందికి మునిగిపోతారు, లేదా పైన అరుస్తారు. దీనికి కళాజాతా వాళ్లు కనిపెట్టిన ఉపాయముంది. మధ్యస్థంగా మూడు శ్రుతిలో పెట్టుకుని, తారస్థాయికి ఎక్కువగా పోని వరసలు ఎంచుకునేవాళ్లు. పల్లవి అందరూ, చరణం ఒకసారి వీళ్లు, ఒకసారి వాళ్లు. ఈ కిటుకులు ఏ పుస్తకంలోనూ లేవు, వాళ్ల దగ్గరే ఉన్నాయి.

ఆ రోజు పద్దెనిమిది ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇవాళ యాభై దాటాయి. కొందరు టీచర్లయ్యారు, కొందరు పొదుపు సంఘాల్లో ఉన్నారు, కొందరు నెల్లూరులో పిల్లల దగ్గర ఉంటున్నారు. వాళ్లు పాటలు రాసుకున్న నోటుపుస్తకాలు ఎవరింట్లో అటక మీదున్నా బయటికి తీయండి. చివరి చరణం మరిచిపోయినా ఫరవాలేదు, వరస గుర్తుంటే చాలు. ఒక ఆదివారం కూర్చుని, ఫోనులో పాడించి దాచుకుందాం.