మౌలాలి గుట్ట కింద ఒక తల్లి సమాధి

మన సొసైటీ కుటుంబాలలో మౌలాలి గుట్ట ఎక్కనివారు బహుశా ఉండరు. రజబ్ నెలలో ఉర్సుకు చిన్నపిల్లలను భుజాన వేసుకొని మెట్లు ఎక్కుతాము, దువా చేసుకుంటాము, దిగి ఇంటిదారి పడతాము. అదే గుట్ట కింద, ప్రహరీగోడ లోపల, తోటలో ఒక తల్లి, ఒక కూతురు పక్కపక్కనే పడుకొని ఉన్నారు. తల్లి పేరు రాజ్ కున్వర్ బాయి. కూతురు మహ్ లఖా బాయి, 'చందా' అనే తఖల్లుస్‌తో ఉర్దూ గజళ్ళు వ్రాసిన కవయిత్రి. అమ్మల గురించి, నానీ దాదీల గురించి ఏదైనా వ్రాయమని కమిటీవారు అడిగినప్పుడు మాకు మొట్టమొదట ఈ తల్లే గుర్తుకు వచ్చింది.

కూతురి పేరు చదువుకున్నవారికి తెలుసు. తల్లి సంగతి కొద్దిమందికే తెలుసు. నానీ సంగతి అడిగేవారే లేరు. కాని కథ మొదలయ్యేది నానీ దగ్గరే.

ఆమె పేరు చందా బీబీ. కాపురం గుజరాత్‌లోని అహమ్మదాబాదులో. భర్త సుంకాల కచేరీలో ఉద్యోగి. ఆయన సర్కారు సొమ్ము వాడుకున్నాడనీ, లెక్క బయటపడే వేళకు ఇల్లు విడిచి పారిపోయినాడనీ మహ్ లఖా జీవిత చరిత్రలో ఉన్నది. భార్య, ఐదుగురు పిల్లలు నడివీధిలో మిగిలినారు. చందా బీబీ పిల్లలను వెంటబెట్టుకొని రాజపుటానా వైపు పోయింది. ఆడి పాడి బ్రతికే భగతియాలు అక్కడ వాళ్ళకు నీడ ఇచ్చినారు. వాళ్ళ దగ్గరే ఆడపిల్లలు పాట, నాట్యం నేర్చినారు. ఆ ఆడపిల్లలలో ఒకతె మైదా బీబీ. తరువాతి కాలంలో రాజ్ కున్వర్ బాయి అయినది ఆమే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేము. మహ్ లఖా పేరెత్తగానే మన పెద్దలలో కొందరు గొంతు తగ్గిస్తారు. "తవాయిఫ్ గదా మాస్టరు సాబ్, పిల్లల ముందు ఎందుకు" అంటారు. వారి మర్యాద వారిది, కాదనము. కాని సర్కారు డబ్బు తిని, ఐదుగురు పిల్లలను వదిలి పోయిన మనిషి గురించి ఎవరూ గొంతు తగ్గించగా మేము వినలేదు. ఆ పిల్లల ఆకలి తీర్చినది ఎవరు? వాళ్ళ అమ్మ, ముక్కూ మొహం తెలియని పాటగాళ్ళు. ఆయన చేసిన దానికి మూడు తరాల ఆడవాళ్ళు మాట పడవలసి వచ్చింది. మా దృష్టిలో ఇది న్యాయం కాదు.

ఆ కుటుంబం ఉత్తరాది నుండి బుర్హాన్‌పూర్, ఔరంగాబాద్ మీదుగా దక్కనుకు దిగింది. రాజ్ కున్వర్‌కు బహాదుర్ ఖాన్ అనే మన్సబ్‌దారు వల్ల 1768లో ఆడపిల్ల పుట్టింది. అప్పుడు నిజాం అలీ ఖాన్, అంటే రెండవ ఆసఫ్ జా, పరిపాలిస్తున్నాడు. ఆ పుట్టుక గురించి ఒక ముచ్చట చెబుతారు. రాజ్ కున్వర్ గర్భవతిగా మౌలాలి జియారత్‌కు వచ్చినప్పుడు కడుపు నిలిచేటట్లు లేదట. చరిత్రకారుడూ చిత్రకారుడూ అయిన తజల్లీ అలీ షా గుట్ట పైకి పోయి, దువా చేసి, అక్కడి దారం, ఊదు తెచ్చి ఇచ్చినాడట. బిడ్డ దక్కింది. ఆ బిడ్డకు రాజ్ కున్వర్ తన తల్లి పేరే పెట్టుకున్నది, చందా బీబీ అని. బిడ్డను పిలిచినప్పుడల్లా తల్లి పేరు ఆమె నోట పలికింది.

పిల్ల పెరిగినది మాత్రం దివాన్ రుక్నుద్దౌలా ఇంటి ఛాయలో. బంధువే అయిన మెహతాబ్ ఆమెను పెంచుకున్నది. చదువు, సంగీతంతో పాటు గుర్రపు స్వారీ, విలువిద్య కూడా నేర్చింది. మగవేషంలో నిజాం వెంట దండయాత్రలకు పోయిందని వ్రాసినారు. 1798లో ఆమె దివాన్ తయారయింది, 125 గజళ్ళు. ఒక ప్రతిని 1799లో జాన్ మాల్కమ్ అనే ఇంగ్లీషు అధికారికి ఇచ్చింది. అది నేటికీ లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. గజళ్ళ చివరి షేరులో హజ్రత్ అలీ స్మరణ మాటిమాటికీ వస్తుంది. అమ్మ గుట్ట కింద ఏడ్చి దక్కించుకున్న కూతురు గదా! మేము క్లాసులో గజల్ చెప్పేటప్పుడు ఈ సంగతి చెబితే పిల్లలు పుస్తకం మూసి వింటారు.

తల్లి పోయిన తరువాత 1792లో చందా ఆమెకు సమాధి కట్టించింది. స్థలం ఎక్కడ ఎంచుకున్నదో చూడండి: తనను దక్కించిన ఆ గుట్ట పాదం దగ్గరే. సమాధి చుట్టూ తోట, మసీదు, బావి ఏర్పాటు చేసింది. ఆగ్రాలో నూర్జహాన్ తన తల్లిదండ్రులకు కట్టించిన ఇతిమాదుద్దౌలా సమాధిని చూడటానికి ప్రపంచమంతా వస్తుంది. మంచిదే. కాని ఆమె చక్రవర్తి భార్య, ఖజానా చేతిలో ఉన్నది. చందా తన పాటతో, తన విద్యతో సంపాదించుకున్నదానితో కట్టించింది. మన ఇరుగుపొరుగులో ఉన్నది కాబట్టి మనకు ఆనదు, అంతే.

తల్లులను బిరుదులతో తలచి పేర్లు మరచిపోవడం మనకు అలవాటు. 'మా సాహెబా తలాబ్' నలిగి నలిగి మాసాబ్ ట్యాంక్ అయింది. అందులో 'మా' ఉన్నదనే ఎవరికీ తోచదు. మేము ఒకసారి బడిలో పిల్లలను నానీ, దాదీ పేర్లు వ్రాయమన్నాము. సగం మందికి పైగా వ్రాయలేకపోయినారు. ఒక అమ్మాయి 'నానీమా' అని వ్రాసి, అదే పేరు అన్నది.

చందాకు జాగీర్లు బాగానే దొరికినాయి. మనము ఉప్పల్ నుండి తార్నాక దాటి పోయేటప్పుడు కనిపించే ఉస్మానియా యూనివర్సిటీ ఉన్న అడిక్‌మెట్ భూములు ఆమెవే. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఆడపిల్లలను చేరదీసి, చదువు, సంగీతం చెప్పించింది. వారిలో హుస్న్ లఖా బాయి ఆమెకు కూతురి వంటిది. 1824లో కన్నుమూసేనాటికి తన భూమి, బంగారం, నగలు ఇల్లు వాకిలి లేని ఆడవాళ్ళకు చెందాలని పోయిందంటారు. అహమ్మదాబాదులో నానీకి అటువంటి చెయ్యి ఒక్కటి కూడా అందలేదు.

ఆమెను తల్లి పక్కనే పెట్టినారు. చాలా కాలం ఆ చోటు చెట్టూ పుట్టా పెరిగి పాడుపడింది. అమెరికా ప్రభుత్వ నిధి సాయంతో బాగుచేసి, 2011 మార్చిలో మళ్ళీ తెరిచినారు. చెంగిచెర్ల నుండి పోయేవారు నాచారం మీదుగా మౌలాలి చేరవచ్చు. ఈసారి ఉర్సుకు పోయినప్పుడు గుట్ట దిగి ఊరకే ఇంటికి రాకండి. పిల్లల చెయ్యి పట్టుకొని అక్కడికి కూడా పోయి, ఇద్దరికీ ఫాతిహా చదవండి. మూడవది నానీ చందా బీబీ కోసం చదవండి.