పిట్ట కన్ను కాదు, రెక్క మొదలు

ద్రోణుడు పెట్టిన పరీక్ష మనందరికీ తెలిసిందే. చెట్టు మీద పిట్ట. ఏం కనిపిస్తోందని అడిగితే ధర్మరాజు చెట్టూ, తమ్ములూ, గురువుగారూ, పిట్టా అన్నీ కనిపిస్తున్నాయన్నాడు. తప్పుకోమన్నారు. అర్జునుడికి పిట్ట కన్ను ఒక్కటే కనిపించింది. గెలిచాడు. చిన్నప్పటినుంచీ దీన్ని ఏకాగ్రత పాఠంగానే వింటూ వచ్చాం. కానీ ఆ కథలో ఒక వివరాన్ని పెద్దగా పట్టించుకోం: ఆ పిట్ట బొమ్మ. సగం తగిలితే అది పొదల్లోకి పోయి రెండు రోజులు కొట్టుకుని చావదు. గురి తప్పితే పోయేది వేసినవాడి పరువు మాత్రమే.

ప్రాణమున్న పిట్ట మీద బాణం వేయాల్సి వచ్చినప్పుడు ఏ ములికి వాడాలి, ఎక్కడ కొట్టాలి? మనుషులు ఈ ప్రశ్నతో ఎలా తంటాలు పడ్డారో చూడాలంటే ఉత్తర అమెరికా అడవి టర్కీ కోడి చరిత్ర మంచి ఉదాహరణ. థాంక్స్‌గివింగ్ బల్ల మీద కనిపించే పెంపుడు టర్కీని చూసి దీన్ని అంచనా వేయకూడదు. అడవి పుంజు ఏడు నుంచి పదకొండు కిలోలుంటుంది, గంటకి నలభై కిలోమీటర్ల దాకా పరిగెత్తగలదు, ఎగరగలదు, రాత్రయితే చెట్టెక్కి పడుకుంటుంది. దాని చూపు ఎంత చురుకంటే, విల్లు లాగుతున్న చెయ్యి కదిలినా చాలు, మాయమైపోతుంది.

1607లో వర్జీనియాలో దిగిన ఇంగ్లీషువాళ్ళలో జాన్ స్మిత్ ఒకడు. అక్కడి పౌహటన్ ప్రజల బాణాల గురించి రాస్తూ రెల్లుకాడ బాణాలకి పదునైన రాయి, పక్షి ముక్కు, టర్కీ పుంజు కాలి ముల్లు మొనలుగా పెడతారని చెప్పాడు. తూర్పు అడవుల తెగలకి బాణం తోకన కట్టే ఈకలు ఇచ్చేదీ ఎక్కువగా ఈ కోడే. అంటే బాణానికి ఆ చివరా ఈ చివరా టర్కీయే. తిండీ, కప్పుకునే ఈకల దుప్పటీ, వేట సామానూ అన్నీ ఒక్క పక్షి నుంచే వచ్చే లోకం అది.

అమెరికా పొలాల్లో దొరికే బుల్లి రాతి ములుకుల్ని ఇప్పటికీ చాలామంది ‘పిట్టల ములుకులు’ అంటారు. ఇంత చిన్నదానితో పిట్టని తప్ప దేన్ని కొడతారని వాళ్ళ లెక్క. పురావస్తు శాస్త్రజ్ఞులు ఒప్పుకోరు. అవి అసలు సిసలు బాణపు ములుకులు, వాటితో జింకలు కూడా పడేవి. పెద్దవాటిలో చాలావరకు విల్లు రాకముందు వాడిన ఈటెలవీ, కత్తులవీ. పిట్టలకైతే అనేక తెగలవాళ్ళు అసలు పదునే లేని మొద్దు మొనలు వాడారు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, దెబ్బకి పిట్ట అక్కడికక్కడే పడిపోవాలి, అదీ సంగతి. దూసుకుపోయిన బాణం వల్ల లాభం లేదు.

1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ దగ్గర ఒక మనిషి ఆకలితో ఒంటరిగా బయటికి వచ్చాడు. తెల్లవాళ్ళ ఊచకోతల్లో నాశనమైన యాహీ తెగలో మిగిలిన ఆఖరి మనిషి. తన పేరు ఎవరికీ చెప్పలేదు. వాళ్ళ భాషలో ‘మనిషి’ అనే అర్థమున్న ‘ఇషీ’ అన్న మాటతోనే పిలిచారు. శాన్‌ఫ్రాన్సిస్కో మ్యూజియంలో ఉంటూ, జింక కొమ్ము మొనతో సీసా పెంకుల్ని చెక్కి ములుకులు చేసేవాడు. పక్కనున్న వైద్య కళాశాలలో సర్జన్ సాక్స్‌టన్ పోప్ ఆయన దగ్గర విలువిద్య నేర్చుకున్నాడు. 1916లో ఇషీ క్షయతో చనిపోయాడు. 1923లో పోప్ రాసిన పుస్తకంతో అమెరికాలో విల్లు వేట మళ్ళీ మొదలైంది. ఒక తెగని తుడిచిపెట్టేసిన సమాజం ఆ తెగ ఆఖరి మనిషి దగ్గర నేర్చుకున్న విద్యని ఆటగా చేసుకుందన్నమాట. ఇది తలుచుకోకుండా ఆ పుస్తకాన్ని చదవడం నావల్ల కాదు.

అగ్నిపర్వతపు గాజురాయి ములికి ఉక్కు కంటే లోతుగా దిగుతుందని పోప్ పరీక్షలు చేసి మరీ చూపించాడు. లోతే ఆయనకి ముఖ్యం, ఎందుకంటే ఆయన మనసంతా జింకలూ ఎలుగుబంట్ల మీద ఉంది. విస్కాన్సిన్ 1934లో విల్లు వేటకి విడిగా అనుమతిచ్చిందీ జింకల కోసమే. జింకలో బాణం ఇటునుంచి అటు దూసుకుపోతే రెండు వైపులా నెత్తురు కారుతుంది. ఆ జాడ పట్టుకుని వెళితే జంతువు దొరుకుతుంది.

టర్కీ దగ్గర ఈ లెక్క తలకిందులవుతుంది. ఈకలు నెత్తుటిని పీల్చేసుకుంటాయి. ఎగిరిపోయిన పక్షికి నేల మీద జాడే ఉండదు. పైగా పుంజు ఈకలు విప్పుకుని నిలబడితే ఒళ్ళు రెట్టింపు కనిపిస్తుంది గానీ, గుండె, ఊపిరితిత్తులు కలిపినా మన పిడికిలి కంటే కాస్త పెద్దవి, అంతే. అందుకే ఇప్పటి వేటగాళ్ళు చాలామంది వెడల్పాటి ములుకులు ఎంచుకుంటారు. కొన్నింటి రెక్కలు తగలగానే విచ్చుకుంటాయి. మెడకి గురిపెట్టేవాళ్ళ కోసం మరీ పొడవాటి బ్లేళ్ళవి వేరే ఉన్నాయి. వీటిలో సుఖమేమిటంటే, తగిలితే చావు, లేకపోతే చాలాసార్లు పూర్తిగా తప్పిపోవడం. ఒంటికి కొట్టాలంటే, పక్కకి తిరిగి ఉన్నప్పుడు రెక్క ఒంటితో కలిసే చోటు. వీపు చూపిస్తే వెన్ను మధ్య. ఎదురుగా ఉంటే రొమ్ము మీద వేలాడే గడ్డం లాంటి కుచ్చు మొదలుకి కాస్త పైన.

ఇంత జాగ్రత్తకి ఇంకో కారణం ఉంది. అడవులు నరికి, అడ్డూ అదుపూ లేకుండా వేటాడి, ఇరవయ్యో శతాబ్దం మొదటికల్లా ఈ పక్షిని చాలా రాష్ట్రాల్లో లేకుండా చేశారు. ఫారాల్లో పెంచి వదిలినవి బతకలేదు. మిగిలిన అడవి కోళ్ళనే వలలతో పట్టి కొత్త అడవులకి తరలిస్తే నిలదొక్కుకున్నాయి. తుపాకులు, తూటాల మీద పన్ను వేసి వన్యప్రాణుల కోసం ఖర్చుపెట్టే చట్టం 1937లో వచ్చింది. 1972లో విల్లంబుల్ని కూడా అందులో చేర్చారు. అంటే ములికి కొన్న ప్రతివాడూ ఆ పక్షి బాకీలో ఎంతో కొంత తీరుస్తున్నాడు. గాయపరిచి పోగొట్టుకుంటే ఆ బాకీ మళ్ళీ పెరుగుతుంది.

టర్కీ వేటకి వెళ్ళేవాడు పక్షి ఎటు తిరిగి ఉందో చూడాలి. దాని వెనక ఇంకో పక్షి ఉందేమో, పొద చాటున ఇంకో మనిషి ఉన్నాడేమో కూడా చూడాలి. అనుమానముంటే విల్లు దించేయాలి. ద్రోణుడి పరీక్ష బొమ్మ పిట్టతో కాకుండా అక్కడ జరిగి ఉంటే, చెట్టూ, తమ్ములూ, గురువుగారూ అన్నీ కనిపిస్తున్నాయన్న ధర్మరాజుని ఎవరూ పక్కకి తప్పుకోమనేవాళ్ళు కాదు.