ఎన్‌ఎస్-3 వర్క్‌షాప్

కంప్యూటర్ నెట్‌వర్కుల పనితీరును అనుకరించి చూపే ఎన్‌ఎస్-3 సాఫ్ట్‌వేర్ మీద ఏటా జరిగే అంతర్జాతీయ పరిశోధక సదస్సు ఇది. మొదటి సమావేశం 2009 మార్చిలో రోమ్‌లో జరిగింది. 2025లో జపాన్‌లోని ఒసాకాలో జరిగినప్పుడు దీని పేరు ఎన్‌ఎస్-3 అంతర్జాతీయ సదస్సుగా మారింది. పాతవాళ్లు మాత్రం వర్క్‌షాప్ అన్న పేరుతోనే దీన్ని ఎరుగుదురు.

కొత్త ప్రోటోకాల్‌ను పరీక్షించాలంటే వెయ్యి ఫోన్లు, వంద రూటర్లు కొనడం ఏ ప్రయోగశాలకూ కుదిరే పని కాదు. అందుకే వాటిని ప్రోగ్రాములో సృష్టిస్తారు. ఎన్‌ఎస్-3తో వచ్చే తొలి పాఠంలో రెండే నోడ్లు, వాటి మధ్య సెకనుకు 5 మెగాబిట్ల వేగమూ 2 మిల్లీసెకన్ల ఆలస్యమూ ఉన్న ఒక లింకు ఉంటాయి. సరిగ్గా 2వ సెకనుకు క్లయింటు 1024 బైట్లు పంపుతుంది. 2.00369 సెకన్లకు సర్వరుకు అందినట్టు తెరమీద పడుతుంది. హెడర్లు కలుపుకుంటే ప్యాకెట్ 1054 బైట్లు, అంటే 8432 బిట్లు. వాటిని లింకులోకి పంపడానికి 1.6864 మిల్లీసెకన్లు, అవతలికి చేరడానికి మరో 2 మిల్లీసెకన్లు. కాగితం మీద లెక్క కట్టినా అదే జవాబు వస్తుంది. ఎన్‌ఎస్-3లోని గడియారం మన గడియారంలా నడవదు, ఒక సంఘటన నుంచి తర్వాతి సంఘటనకు దూకుతుంది. అందువల్ల చిన్న నెట్‌వర్కులో పది సెకన్ల ముచ్చట రెప్పపాటులో ముగుస్తుంది, పెద్ద వైఫై నెట్‌వర్కులో అదే పది సెకన్లకు గంటలు పట్టవచ్చు.

ఈ సాఫ్ట్‌వేర్ వంశవృక్షం మొదట్లోనే ఒక భారతీయుడు కనిపిస్తాడు. ఐఐటీ ఢిల్లీలో చదివిన శ్రీనివాసన్ కేశవ్ బర్క్‌లీలో రూపొందించిన ‘రియల్’ సిమ్యులేటర్‌ను ఆధారం చేసుకునే 1989లో ఎన్‌ఎస్ మొదలైంది. 1990లలో స్టీవ్ మెకాన్, శాలీ ఫ్లాయిడ్, కెవిన్ ఫాల్ తదితరులు లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో దాన్ని పెంచారు. ఆ తర్వాత వచ్చిన ఎన్‌ఎస్-2 ప్రపంచమంతా పాకింది. 2006లో అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ నిధులతో మొదలైన ఎన్‌ఎస్-3 పాతదానికి మరమ్మతు కాదు. సీ++లో మొదటి నుంచీ తిరగరాసిన పని. టామ్ హెండర్సన్, జార్జ్ రైలీ, ఫ్రాన్స్‌లోని ఇన్రియా సంస్థకు చెందిన మాథ్యూ లకాజ్ ఇందులో ముఖ్యులు. తొలి విడుదల 2008 జూన్‌లో వచ్చింది. పాత స్క్రిప్టులు ఇందులో నడవవు. ఆ తెగింపే దీన్ని నిలబెట్టిందని చెప్పాలి.

వర్క్‌షాప్ తొలి ఐదేళ్లు సిమ్యూటూల్స్ అనే పెద్ద సదస్సు నీడలోనే జరిగింది. 2014లో అట్లాంటాలో సొంతకాళ్ల మీద నిలిచింది. బార్సిలోనా దగ్గరి కాస్టెల్‌డెఫెల్స్, సియాటెల్, పోర్టో, ఫ్లోరెన్స్ ఆతిథ్యమిచ్చిన ఊళ్లలో కొన్ని. కోవిడ్ కాలంలో 2020 నుంచి మూడేళ్లు ఆన్‌లైన్‌లోనే నడిచింది. మామూలుగా సదస్సు వారంలో కొత్తవారికి శిక్షణ, పత్రాల సమర్పణ, కోడ్ రాసేవారి చర్చలు కలిసే ఉంటాయి. వైఫై, ఎల్‌టీఈ, 5జీ నమూనాల మీదా, సిమ్యులేటర్‌ను యంత్రాభ్యసనంతో కలపడం మీదా పత్రాలు వచ్చాయి.

2018 జూన్‌లో ఈ సదస్సు మన దేశానికి వచ్చింది. కర్ణాటక తీరంలోని సూరత్కల్ ఎన్‌ఐటీ దానికి వేదిక. ఆ ఎంపిక మర్యాద కోసం చేసింది కాదు. రూటర్లలో ప్యాకెట్ల వరుస పెరిగిపోకుండా చూసే పద్ధతులను ఎన్‌ఎస్-3లో చేర్చడంలో ఆ సంస్థ అధ్యాపకులు, విద్యార్థులు అప్పటికే పాలుపంచుకున్నారు.

మిగతా సదస్సులు ‘ఏం కనుక్కున్నారు’ అని అడిగితే ఇది ‘ఆ నమూనా సరైనదేనా, కోడ్ ఏది’ అని అడుగుతుంది. ఈ ప్రశ్న వెనక చేదు అనుభవం ఉంది. మొబైల్ అడ్‌హాక్ నెట్‌వర్కుల మీద జరిగే మోబిహాక్ సదస్సులో 2000 నుంచి 2005 వరకు వచ్చిన 151 పత్రాలను కుర్కోవ్‌స్కీ, క్యాంప్, కొలాగ్రోసో అనే పరిశోధకులు పరిశీలించారు. వాటిలో 114 సిమ్యులేషన్ మీద ఆధారపడ్డాయి. తిరిగి చేసి చూడదగినంత వివరం ఇచ్చినవి 15 శాతం లోపే. ఏ వెర్షన్ వాడారో, ఎన్నిసార్లు నడిపారో కూడా చాలామంది రాయలేదు. ఎన్‌ఎస్-3లో యాదృచ్ఛిక సంఖ్యల సీడ్ గానీ రన్ సంఖ్య గానీ మార్చకపోతే ప్రతిసారీ అదే ఫలితం వస్తుంది. ఒక్కసారి నడిపి గ్రాఫు గీసేస్తే అది ప్రయోగం అనిపించుకోదు. రన్ సంఖ్య మారుస్తూ పలుమార్లు నడపాలి.

తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కళాశాలల్లో ఈ సాఫ్ట్‌వేర్‌తో ప్రాజెక్టులు చేసే విద్యార్థులు తమ నివేదికలో వెర్షన్, సీడ్, రన్ సంఖ్యలు రాసి, స్క్రిప్టును జతచేయాలి. సాఫ్ట్‌వేర్ ఉచితం, సదస్సు శిక్షణ పాఠాలు కూడా ఎన్‌ఎస్-3 సైటులో ఉచితంగానే దొరుకుతాయి.