అక్షరాల గోడ నుంచి గ్లూ వాల్ దాకా

ఫోర్ట్‌నైట్ ఆటలో దూసుకొచ్చే తూటాకు అడ్డంగా రెప్పపాటులో గోడ లేపడం, ఆ గోడకే కిటికీ తెరిచి ఎదుటివాణ్ని కొట్టడం, వాడు తేరుకునేలోగా కిటికీ మూసేయడం ఇవాళ ప్రపంచమంతా ఎంతోమంది పిల్లలు సాధన చేస్తున్న విద్య. దీని మూలం యుద్ధంలో లేదు, వాస్తుశిల్పంలో లేదు. అది అక్షరాలు దిద్దుకునే ఒక టెక్స్ట్ ఎడిటర్‌లో ఉంది. ఫోర్ట్‌నైట్‌ను తయారు చేసిన ఎపిక్ గేమ్స్ సంస్థాపకుడు టిమ్ స్వీనీ మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివే రోజుల్లో టర్బో పాస్కల్ భాషలో సొంతంగా ఒక ఎడిటర్ రాసుకోవడం మొదలుపెట్టాడు. కర్సర్ స్థానంలో నవ్వుముఖం గుర్తు పెట్టాడు. కొన్ని అక్షరాలను కర్సర్ దాటలేని గోడలుగా మార్చాడు. ఎడిటర్ పక్కకు పోయి ఆట మిగిలింది.

1991లో విడుదలైన ఆ ఆట పేరు జడ్‌జడ్‌టి. దానిలో బొమ్మలు లేవు. తెర నిండా అక్షరాలూ గుర్తులే. అడ్డం 60 గడులు, నిలువు 25 గడులు ఉన్న బల్ల మీద గోడలు, తలుపులు, తాళంచెవులు, పులులు, సింహాలు అన్నీ ఆ గుర్తులతోనే ఉండేవి. నీలం గడిలో తెల్లని నవ్వుముఖమే ఆటగాడు. స్వీనీ దీన్ని పొటోమాక్ పట్టణంలో తల్లిదండ్రుల ఇంటి నుంచే అమ్మాడు. మొదటి లోకం ఉచితం. అది నచ్చినవాళ్లు డబ్బు పంపితే మిగిలిన లోకాలు ఫ్లాపీల మీద తపాలాలో వెళ్లేవి. ఆయన తండ్రి పాల్ స్వీనీ చివరి ఆర్డరును పోస్టు చేసింది 2013లో. కొడుకు కంపెనీ ప్రపంచంలోకెల్లా పేరున్న ఆటల సంస్థల్లో ఒకటైపోయాక కూడా తండ్రి ఇరవై ఏళ్లకు పైగా ఫ్లాపీలు పంపుతూనే ఉన్నాడు.

ఆ ఆట గొప్పతనం పులుల్లో లేదు. తాను వాడిన ఎడిటర్‌ను స్వీనీ ఆటతోపాటే ఆడేవాళ్ల చేతిలో పెట్టాడు. ఆట ఆడగలిగిన ప్రతివాడూ తన ఊరు తానే కట్టుకోవచ్చు. ఏ గడిలో ఏ గోడ ఉండాలో, ఏ మనిషి ఏం మాట్లాడాలో, ఏ తలుపు ఎప్పుడు తెరుచుకోవాలో రాయడానికి అందులోనే ఒక చిన్న భాష ఉంది. ప్రోగ్రామింగ్ పుస్తకం ముట్టని పిల్లలు ఆ భాషలో వందల లోకాలు కట్టారు. కట్టేటప్పుడు గడియారం లేదు, తుపాకీతో తరిమేవాడు లేడు. ఒక గోడ ఎక్కడ పెట్టాలా అని సాయంత్రమంతా ఆలోచించే తీరిక ఉండేది. ఆ లోకాల్లో చాలావాటిని అభిమానులు నేటికీ భద్రంగా దాచి ఉంచారు. కట్టడం అనే పనికి ఆటల చరిత్రలో ఇంత ప్రశాంతమైన కాలం మళ్లీ రాలేదు. ఇవాళ్టి వేగం చూసినవారికి ఆ లోటు స్పష్టంగా కనిపిస్తుంది.

తర్వాతి ఏడేళ్లలో ఈ సంప్రదాయం తుపాకీ ఆటల్లోకి పాకింది. 1993లో ఐడి సాఫ్ట్‌వేర్ విడుదల చేసిన డూమ్ తన మ్యాపులను విడి ఫైళ్లలో ఉంచింది. ఏడాది తిరగకముందే అభిమానులు వాటిని విప్పి దిద్దే ఎడిటర్ తయారు చేసుకున్నారు. 1996లో క్వేక్ ఆట నడిచే నియమాలను కూడా మార్చుకోనిచ్చింది. 1998లో ఎపిక్, డిజిటల్ ఎక్‌స్ట్రీమ్స్ కలిసి చేసిన అన్‌రియల్ వచ్చింది. దాని వెంట వచ్చిన అన్‌రియల్‌ఎడ్ అనే పనిముట్టులో గదులను ఘనమైన దిమ్మ నుంచి తొలిచినట్టు చెక్కవచ్చు. అదే ఏడాది వచ్చిన హాఫ్‌లైఫ్ మీద మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు యువకులు కట్టిన మార్పురూపమే కౌంటర్‌స్ట్రైక్. 2000లో అది సొంత ఆటగా వెలువడింది. ఆ తర్వాత తెలుగు పట్టణాల నెట్ సెంటర్లలో వరసగా పెట్టిన కంప్యూటర్లను తీగలతో కలిపి కుర్రాళ్లు ఆడింది దాన్నే. గెలిచినవాడి కేక పక్క కుర్చీలోంచే వినిపించే ఆ సందడి ఫోన్లు వచ్చాక కరిగిపోయింది.

2009లో మైన్‌క్రాఫ్ట్ గడుల లోకాన్ని మళ్లీ తెచ్చింది. అంతకుముందు ఎడిటర్ ఒక చోట, ఆట ఒక చోట ఉండేవి. ఇక్కడ ఆడటమే కట్టడం. 2011 డిసెంబరులో ఎపిక్ తరఫున క్లిఫ్ బ్లెజిన్‌స్కీ ఫోర్ట్‌నైట్‌ను ప్రకటించినప్పుడు దాని ఊహ సరళంగానే ఉంది: పగలు సామాను ఏరుకుని కోట కట్టుకోవాలి, రాత్రి దండెత్తి వచ్చే దయ్యాల గుంపు నుంచి దాన్ని కాపాడుకోవాలి. గోడలో కిటికీ, తలుపు తెరిచే పద్ధతి ఆ నింపాది కోట కోసమే పుట్టింది. ఆట బయటికి రావడానికి దాదాపు ఆరేళ్లు పట్టింది. 2017 జులైలో వచ్చేసరికి లోకం దృష్టి అంతా వందమంది తలపడే పబ్‌జీ ఆట మీద ఉంది. ఎపిక్ రెండు నెలల్లోనే తన కోట ఆటను వందమంది పోరుగా మలిచి, సెప్టెంబరు 26న ఉచితంగా విడుదల చేసింది. దయ్యాల కోసం చేసిన గోడలు మనుషుల తూటాలకు అడ్డం పడ్డాయి. ఈ విద్య పుట్టింది ఆ తొందరలోనే.

నిర్మాణానికి నాలుగే ముక్కలు: గోడ, నేల, మెట్లు, కోన్ అని పిలిచే కప్పు. ఒక్కో ముక్కకు 10 చొప్పున చెక్క, రాయి లేదా లోహం ఖర్చవుతుంది. ఆట లోకమంతా కంటికి కనిపించని గడులుగా ఉంటుంది. ఒక్కో గడి వెడల్పు 5.12 మీటర్లు, ఎత్తు 3.84 మీటర్లు. ముక్క ఎక్కడ పెట్టినా ఆ గడికే అతుక్కుంటుంది. చెక్క గోడ త్వరగా లేస్తుంది, త్వరగా కూలుతుంది. లోహం నెమ్మదిగా గట్టిపడి ఎక్కువ దెబ్బలకు ఓర్చుకుంటుంది. అడుగున ఆధారం పోతే పైనున్న గోపురమంతా కూలుతుంది. గోడను దిద్దాలంటే అది తొమ్మిది చిన్న గడుల పలకగా తెరుచుకుంటుంది. నడిమి గడి తీస్తే కిటికీ, దానితోపాటు కింది గడి కూడా తీస్తే తలుపు. తీసినవన్నీ రీసెట్‌తో ఒక్కసారిగా మూసుకుంటాయి. ఒక నియమం అన్నిటికంటే ముఖ్యం: గోడ ఎవరిదో వాళ్లే, వాళ్ల జట్టే దాన్ని దిద్దగలరు. పరాయి గోడను పగలగొట్టి, ఆ చోట తమ గోడ పెట్టుకోవాల్సిందే.

పరాయి గోడను పగలగొట్టక తప్పదన్న ఈ సంగతి నెల్లూరు సీమకు ఆటల కంటే ముందే తెలుసు. 1513లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతిలోని ఉదయగిరి దుర్గాన్ని ముట్టడించాడు. కొండ మీది కోటకు దారి ఇరుకు. ఏడాదిన్నర పాటు రాయల సేన పెద్ద పెద్ద బండలను పగలగొట్టి, కొండల మీదుగా దారులు వేసి బురుజుల దాకా చేరిందని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాశాడు. పరాయి కట్టడాన్ని దిద్దుకునే వీలు లేనప్పుడు మిగిలేది పగలగొట్టడమేనని అంత విస్తారంగా చూపిన ముట్టడి మన చరిత్రలో తక్కువ.    

ఫోర్ట్‌నైట్ మొదటి నెలల్లో ఆటగాళ్లు భయపడినప్పుడు ఒక గోడ పెట్టేవాళ్లు, కొండ ఎక్కడానికి నాలుగు మెట్లు వేసేవాళ్లు. 2018 నుంచి అది పూర్తిగా మారుతూ వచ్చింది. ప్రతి మలుపులో తొంభై డిగ్రీలు తిరుగుతూ గోడ, నేల, మెట్లు పేర్చి గోపురంలా పైకెక్కే ‘నైంటీస్’ వచ్చింది. శత్రువు తన చుట్టూ కట్టుకున్న గోడల పెట్టెలోకి దూరి, వాడి చుట్టూ ముందే ముక్కలు పెట్టి దారులన్నీ మూసేసే ‘పీస్ కంట్రోల్’ వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన రీప్లే సదుపాయంతో ఓడిన పోరును ఎదుటివాడి కంటితో చూసి నేర్చుకోవడం వీలైంది. డిసెంబరులో వచ్చిన క్రియేటివ్ మోడ్ సాధనకు స్థిరమైన చోటు ఇచ్చింది. రైడర్464 వంటివారు కట్టిన ఎడిట్ సాధన మ్యాపులు వ్యాయామశాలల్లా తయారయ్యాయి.

ఈ విద్యలో ముందుకెళ్లినవారి పద్ధతి దాదాపు ఒకటే. ముందు మీటలను వేళ్లకు సర్దుకుంటారు. నాలుగు ముక్కలకూ ఎడిట్‌కూ అందే మీటలను వేరువేరు వేళ్లకు, మౌస్ పక్క బటన్లకు పంచుతారు. తర్వాత మౌస్ వేగాన్ని ఒకచోట నిలిపి తరచూ మార్చకుండా ఉంచుతారు. ఒక కదలికను తప్పు లేకుండా నెమ్మదిగా చేయగలిగాకే వేగం పెంచుతారు. ఆటలో కెమెరా ఆటగాడి కుడి భుజం మీదుగా చూస్తుంది కాబట్టి, గోడకు కుడి అంచు నుంచి తొంగిచూస్తే తన ఒళ్లు తక్కువ బయటపడి ఎదుటివాడు ఎక్కువ కనిపిస్తాడు. ఏ గడి తీయాలో నిర్ణయించేది ఈ చూపు లెక్కే. వేగం ఒక్కటే నేర్చినవాడు అందమైన గోపురం కట్టి కింద నిలబడ్డవాడి చేతిలో ఓడిపోతాడు. కిటికీ ఎప్పుడు తెరవాలో తెలియకుండా ఎంత వేగంగా తెరిచినా లాభం లేదు.

2019 జులై 28న న్యూయార్క్ ఆర్థర్ ఆష్ మైదానంలో జరిగిన ప్రపంచ కప్ సోలో పోరులో పదహారేళ్ల కైల్ గియర్స్‌డార్ఫ్ గెలిచి 30 లక్షల డాలర్లు అందుకున్నాడు. బుఘా అతని ఆట పేరు. ఆ పోటీలో అతనిది అందరికంటే ఎత్తైన గోపురం కాదు, అందరికంటే నిలకడైన ఆట. ఆ తర్వాత కొత్తగా చేరేవారికీ ఆరితేరినవారికీ మధ్య దూరం బాగా పెరిగింది. 2022 మార్చి 20న ఎపిక్ నిర్మాణాన్నే తాత్కాలికంగా తీసేసింది. తొమ్మిది రోజులకు నిర్మాణాన్ని తిరిగి ఇస్తూ, కట్టడం లేని ‘జీరో బిల్డ్’ను వేరే మోడ్‌గా నిలిపింది. చాలామంది అక్కడే ఉండిపోయారు. ఆటకు ప్రాణమైన అంశాన్ని తొలగించాకే ఎక్కువమంది హాయిగా ఆడగలిగారన్నది విచారించవలసిన సంగతి. నేర్పే మార్గం లేకుండా నైపుణ్యం పెరిగితే అది గుమ్మానికి తాళమవుతుంది. 2023 మార్చిలో అన్‌రియల్ ఎడిటర్‌ను ఫోర్ట్‌నైట్ కోసం ఉచితంగా తెరిచిన తర్వాత కట్టేవారికి మళ్లీ వేరే చోటు దొరికింది. అయితే ఈసారి ఆ లోకాలు ఎపిక్ సర్వర్లలో ఉంటాయి. ఫ్లాపీ మీద మిత్రుడికి ఇచ్చేవి కావు.

కావలి నుంచి తడ దాకా ఉన్న నెల్లూరు సీమ తీరంలో పిల్లలకు ఆట అంటే ఫోనే. అక్కడ ఈ విద్యకు దగ్గరి చుట్టం ఫ్రీ ఫైర్ అనే ఫోన్ ఆటలోని గ్లూ వాల్. 2017 చివర్లో వచ్చిన ఫ్రీ ఫైర్ మామూలు ఫోన్లలో కూడా నడిచేది కాబట్టి ఊళ్లలోకి చొచ్చుకుపోయింది. గ్లూ వాల్‌కు కలప ఏరక్కర్లేదు, దిద్దడం లేదు. విసిరితే గోడ లేస్తుంది. అయినా సాధన మాత్రం అదే తీరు: పరుగెత్తుతూ వెయ్యడం, కూర్చుని వెయ్యడం, నాలుగు వైపులా తిరుగుతూ వేసి మధ్యలో దాక్కోవడం. కేంద్రం 2020 సెప్టెంబరు 2న పబ్‌జీ మొబైల్ సహా 118 యాప్‌లను, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ సహా 54 యాప్‌లను నిషేధించింది. అదే ఆటకు మరో రూపమైన ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మాత్రం మిగిలింది.

తీరపు ఆటగాడికి మరో చిక్కు దూరం. ఫోర్ట్‌నైట్‌లో విరిగిన గోడ స్థానంలో ఇద్దరూ ఒకేసారి గోడ వేస్తే, సర్వర్‌కు ఎవరి సంకేతం ముందు చేరితే వారికి మేలు కలగవచ్చు. నెల్లూరుకు దక్షిణాన చెన్నై నుంచి సింగపూర్‌కు 2002లో వేసిన ఐటూఐ సముద్ర కేబుల్ పొడవు సుమారు 3,200 కిలోమీటర్లు. గాజు తీగలో వెలుతురు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే సర్వర్ సింగపూర్‌లో ఉంటే రానూపోనూ కనీసం 32 మిల్లీసెకన్లు సముద్రం కిందే గడిచిపోతాయి. మధ్యలో వైఫై, టవర్, రద్దీ కలిస్తే అది ఇంకా పెరుగుతుంది. ఈ రానూపోనూ సమయం, అంటే పింగ్, ఎక్కువ ఉన్నవాడికి గోడ విరిగాక పోటీపడటం కంటే, విరగకముందే రెండో గోడ వేసి ఉంచడం మేలు.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించింది. పోటీ ఆటకు చట్టం దారి ఇచ్చింది కాబట్టి ఇక కావలసింది నేర్చుకునే చోటు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లోని క్రాఫ్ట్‌లాండ్‌తో ఫోన్ మీదే మ్యాపు కట్టవచ్చు. జిల్లా కళాశాలల కంప్యూటర్ ల్యాబుల్లో ఆటలు తయారు చేయడానికి ఉచితంగా దొరికే గోడో వంటి పనిముట్టు పెట్టవచ్చు. తమ పిల్లలు ఫోన్లో గోడలు కడుతున్నారని బాధపడే తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు వారి చేత ఒక్క మ్యాపు మొదటి నుంచి చివరిదాకా కట్టించి చూడాలి.